ఫోన్‌లో చెస్, బల్ల మీద చెస్: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఆటగాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశా తెలుగు ఇళ్ళలో ఇప్పుడు చాలామంది పిల్లలు చదరంగం ఫోన్‌లోనే నేర్చుకుంటున్నారు. మొదటిసారి బల్ల ముందు కూర్చున్నాకే తేడా తెలుస్తుంది. ఆ తేడా గురించి తల్లిదండ్రులూ ఆటగాళ్ళూ ఎక్కువగా అడిగేవి ఇవి.

మావాడికి ఆన్‌లైన్‌లో 1700 రేటింగ్ ఉంది. టోర్నమెంటుకు వెళ్తే ఆరు ఆటల్లో రెండే గెలిచాడు. ఆట మర్చిపోయాడా?

మర్చిపోలేదు. ఇన్నాళ్ళూ సగం పని ఫోనే చేసిపెట్టింది. నియమాలకు విరుద్ధమైన తప్పు ఎత్తు వేయబోతే ఆపింది. రాజుకు చెక్ వస్తే ఎర్రగా చూపించింది. గడియారం తనే నొక్కింది, ఎత్తులు తనే రాసుకుంది. బంటు చివరి వరుసకు చేరగానే మంత్రిని తెచ్చి పెట్టింది, ఒకే స్థితి మూడుసార్లు వస్తే గుర్తుపట్టింది. బల్ల మీద ఈ పనులన్నీ మీవాడివే, అవి కూడా ఆలోచించాల్సిన టైములోనే చేసుకోవాలి. ఆట తెలివి ఉంది, చేతికి అలవాటు లేదు. రోజుకో గంట బల్ల మీద ఆడితే రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది.

ముట్టుకున్న పావే కదపాలంటారు. అంత కచ్చితంగా పట్టుకుంటారా?

పట్టుకుంటారు. ఫోన్‌లో పిల్లలు గుర్రాన్ని వేలితో లాగి, గాల్లో ఉంచి చూసుకుని, మళ్ళీ వెనక్కి పెట్టేస్తారు. బల్ల మీద ఆ అలవాటే ఆట పోగొడుతుంది. మీ వంతులో, కదపాలన్న ఉద్దేశంతో మీ పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. ఎదుటివారి పావును ముట్టుకుంటే, కొట్టే వీలున్నంతవరకూ దాన్ని కొట్టాలి. ముట్టుకున్న పావుకు నిబంధనల ప్రకారం ఎత్తే లేకపోతే మాత్రం వేరేది ఆడవచ్చు. పావును గడిలో పెట్టి చేయి వదిలేశాక ఇక గడి మార్చడం కుదరదు.

పావు గడిలో పక్కకు జరిగి ఉంటే సర్దుకోవచ్చు. కానీ మీ వంతులోనే సర్దాలి, చేయి పెట్టకముందే “అడ్జస్ట్” అనాలి. ముట్టుకున్నాక అంటే చెల్లదు. 2016లో మాస్కోలో జరిగిన క్యాండిడేట్స్ పోటీలో హికారు నకమురా, లెవాన్ అరోనియన్‌తో ఏనుగుల ముగింపులో రాజును ముట్టుకుని, తర్వాత సర్దుతున్నానని చెప్పబోయాడు. ఒప్పుకోలేదు. ఆ రాజునే కదపాల్సి వచ్చింది, ఆట పోయింది. అంతటి గ్రాండ్‌మాస్టర్‌కే మినహాయింపు లేనప్పుడు జిల్లా స్థాయిలో ఎవరికీ ఉండదు.

ఎదుటివారు ముట్టుకుని వదిలేస్తే, మీరు మీ పావును ముట్టుకోకముందే గడియారం ఆపి ఆర్బిటర్‌ను (పోటీలో తీర్పు చెప్పే అంపైర్‌ను) పిలవాలి. మీరు మీ ఎత్తుకు చేయి వేశాక ఆ హక్కు పోతుంది.

కోట కట్టేటప్పుడు ముందు రాజునే పట్టుకోవాలి. రాజును రెండు గడులు జరిపి, అదే చేత్తో ఏనుగును దూకించాలి. ముందు ఏనుగును ముట్టుకుని తర్వాత రాజు మీద చేయి వేస్తే ఆ ఎత్తులో ఆ వైపు కోట కట్టనివ్వరు. ఫోన్‌లో ఎలా చేసినా పని జరిగిపోతుంది కాబట్టి పిల్లలకు ఈ వరుస అసలు తెలియదు. ఇంట్లో రెండు వైపులా ఇరవైసార్లు కోట కట్టించండి, చేతికి వస్తుంది.

గడియారం విషయంలో ఎక్కువగా జరిగే పొరపాట్లేమిటి?

మొదటిది నొక్కడం మర్చిపోవడం. ఎత్తు వేసి, చేతులు కట్టుకుని, ఎదుటివారు ఆలోచిస్తున్నారనుకుంటారు. నిజానికి కరిగేది తమ టైమే. ఎదుటివారు గుర్తు చేయాలన్న నియమం లేదు. ఎత్తు వేశాక చూపు ఒకసారి గడియారం మీదికి వెళ్ళడం అలవాటు కావాలి.

రెండోది చేయి మార్చడం. పావును ఏ చేత్తో కదిపితే ఆ చేత్తోనే నొక్కాలి. గడియారం బల్లకు ఏ వైపు పెట్టాలన్నది ఆర్బిటర్ నిర్ణయం. కుడిచేతివాటం పిల్లాడికి ఎడమవైపు గడియారం వస్తే కుడి చేత్తో పావు వేసి, బల్ల మీదుగా చేయి తిప్పి నొక్కాలి. ఆ తిప్పుడులో మోచేయి తగిలి సొంత పావులే పడిపోతుంటాయి. పడినవాటిని మీ టైములోనే నిలబెట్టాలి. నిలబెట్టకుండా నొక్కకూడదు. ఇంట్లో ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు పెట్టి ఆడండి.

మూడోది తల్లిదండ్రులెవరూ చూసుకోనిది. ఎదుటి పావును ఎడమ చేత్తో తీసి, తన పావును కుడి చేత్తో పెట్టి, గడియారం నొక్కుతారు. ఒక ఎత్తుకు రెండు చేతులు వాడి గడియారం నొక్కితే అది తప్పు ఎత్తు కిందే లెక్క. కొట్టడం, కోట కట్టడం, బంటును మార్చడం, అన్నీ ఒంటిచేత్తోనే. కొట్టే తీరు ఇలా నేర్పించండి: మీ పావును రెండు వేళ్ళతో ఎత్తండి, దాని అడుగుతో ఎదుటి పావును మెల్లగా నెట్టండి, గడిలో పెట్టండి, అదే చేత్తో కొట్టిన పావును బల్ల పక్కన పెట్టి నొక్కండి.

గడియారం మీద వేలు ఆనించి ఉంచడం, చేయి పైన ఆడించడం కూడా కుదరదు.

తప్పు ఎత్తు వేస్తే ఏమవుతుంది? ఫోన్‌లో అసలు వేయనివ్వదు కదా.

అందుకే ఫోన్ ఆటగాళ్ళు బల్ల మీద ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. చెక్‌లో ఉన్న రాజును వదిలేసి వేరే ఎత్తు వేస్తారు, లేదా రాజుకు అడ్డంగా ఉన్న పావును తీసేస్తారు. “చెక్” అని చెప్పాల్సిన బాధ్యత ఎదుటివారికి లేదు. గడియారం నొక్కేంతవరకు తప్పు పూర్తయినట్టు కాదు, వెనక్కి తీసుకుని సరిదిద్దుకోవచ్చు. కానీ ముట్టుకున్న పావుతోనే సరైన ఎత్తు వేయాలి. నొక్కాక తప్పు తప్పే. క్లాసికల్‌లోనూ (ఎక్కువ టైము ఆట) ర్యాపిడ్‌లోనూ (తక్కువ టైము ఆట) మొదటి తప్పుకు ఎదుటివారికి 2 నిమిషాలు కలుపుతారు, బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల ఆట) 1 నిమిషం. అదే ఆటలో రెండో తప్పుకు ఆట పోయినట్టే.

ఎదుటివారు తప్పు ఎత్తు వేస్తే వాళ్ళ రాజును కొట్టి “గెలిచా” అనకండి. ఇంట్లో చెల్లుతుందేమో, టోర్నమెంటులో రాజును కొట్టడమన్నదే లేదు. గడియారం ఆపి చేయి ఎత్తాలి. ర్యాపిడ్‌లో ఆర్బిటర్ ప్రతి బల్ల దగ్గరా ఉండరు. మీరు గమనించకుండా తర్వాతి ఎత్తు వేసేస్తే ఆ తప్పు చాలాసార్లు అలాగే నిలిచిపోతుంది.

బంటు చివరి గడికి చేరింది, పక్కన ఖాళీ మంత్రి లేదు. అప్పుడు?

గడియారం ఆపి ఆర్బిటర్‌ను మంత్రి అడగండి. అందుకు ఆపే హక్కు మీకుంది. కొందరు ఏనుగును తలకిందులుగా నిలబెట్టి “ఇది మంత్రి” అంటారు. నిబంధనల్లో అది ఏనుగే. పావును మార్చకుండా బంటును అలాగే వదిలి గడియారం నొక్కితే తప్పు ఎత్తు పడుతుంది, పైగా ఆ బంటు మంత్రిగా మారుతుంది. మీకు గుర్రం కావాలనుకున్నా దక్కదు. బంటులు ముందుకు నడిచే ఆటల్లో, టైము తగ్గకముందే అదనపు మంత్రి ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి.

ఎత్తులు రాయాలా? పిల్లకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. ఏ భాషలో రాయాలి?

ర్యాపిడ్‌లోనూ బ్లిట్జ్‌లోనూ రాయనక్కర్లేదు. క్లాసికల్‌లో తప్పనిసరి. పావు పేరులో మొదటి అక్షరాన్ని సొంత భాషలో రాసుకోవచ్చని అంతర్జాతీయ నియమాలే చెబుతున్నాయి. అయినా ఇంగ్లీషు అక్షరాలే నేర్పమని మా సలహా, ఎందుకంటే వివాదం వస్తే ఆ కాగితం చదవాల్సింది ఆర్బిటర్. రాజుకు కె, మంత్రికి క్యూ, ఏనుగుకు ఆర్, ఒంటెకు బి, గుర్రానికి ఎన్. బంటుకు అక్షరం ఉండదు, గడి పేరు చాలు. గుర్రం ఎఫ్3కి వెళ్తే ఎన్ఎఫ్3. ఒంటె సీ4లో కొడితే మధ్యలో ఎక్స్ పెట్టి బిఎక్స్‌సీ4. చిన్న కోటకు (రాజు వైపు) రెండు సున్నాలు, పెద్ద కోటకు (మంత్రి వైపు) మూడు.

ముందు ఆడాలి, తర్వాత రాయాలి. ఆలోచించిన ఎత్తును ముందే రాసి, కొట్టేసి, మళ్ళీ రాయడం కుదరదు. 30 సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ కలిసే టైము) లేని ఆటలో మీ గడియారంలో 5 నిమిషాల కంటే తగ్గితే రాయడం ఆపవచ్చు. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అనే ఆటలో చివరిదాకా రాయాల్సిందే.

పిల్లలు ఎక్కువగా తడబడేది నల్లపావులతో ఆడేటప్పుడు. వాళ్ళ ఎడమ చేతి మూల హెచ్8, అక్కడ ఏ1 అనుకుని మొత్తం తలకిందులుగా రాస్తారు. బల్ల అంచున అక్షరాలు లేకుండా గడి పేర్లు చెప్పించే ఆట రోజూ ఐదు నిమిషాలు ఆడించండి.

మా తాతగారి దగ్గర నేర్చుకున్నాం. ఆ రూల్స్ చెల్లవా?

మన వైపు పాత ఇంటి ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక గడే నడుస్తుంది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు ఏ నిలువు వరుసలో చివరికి చేరితే ఆ వరుస పావుగానే మారుతుంది. దేశీ పద్ధతిగా అది అందమైన ఆట, పెద్దవాళ్ళతో తప్పకుండా ఆడండి. టోర్నమెంటులో మాత్రం అంతర్జాతీయ నియమాలే. హిందీలో నేర్పే కోచ్ హాథీ అంటే ఏనుగు, ఊంట్ అంటే ఒంటె. మన పేర్లతో సరిపోతాయి కాబట్టి అక్కడ గందరగోళం ఉండదు. ఒంటెను శకటు అని నేర్చుకున్నవాళ్ళకు మాత్రం ముందే చెప్పి ఉంచండి.

ఫోన్‌లో కనిపించే ఎత్తులు బల్ల మీద ఎందుకు కనిపించవు?

ఫోన్‌లో బొమ్మలు చదునుగా ఉంటాయి, పైనుంచి చూస్తాం. బల్ల మీద పావులకు ఎత్తుంటుంది. ప్రామాణిక రాజు 9.5 సెంటీమీటర్లు, మంత్రి 8.5, బంటు 5. గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు. వాలి కూర్చుంటే మధ్యలో గుంపుగా ఉన్న బంటుల వెనక బీ7లోనో జీ7లోనో కూర్చున్న ఒంటె సగం మరుగున పడుతుంది. ఆ ఒంటె పొడవాటి మూలగీత వెంట మీ ఏనుగును చూస్తూ ఉంటుంది. వెనక్కి వచ్చే గుర్రం ఎత్తు కూడా అలాగే తప్పిపోతుంది. కుర్చీ తక్కువ ఎత్తులో ఉన్న చిన్న పిల్లలకు ఇది మరీ ఎక్కువ. లేచి నిలబడి చూడటం తప్పు కాదు, చూడమనండి.

సాధన ఇలా చేయండి. ఫోన్‌లో ఒక పజిల్ తెరిచి ఆ స్థితిని బల్ల మీద పేర్చండి. ఫోన్ బోర్లా పెట్టండి. పావులు ముట్టుకోకుండా పది నిమిషాలు చూసి, మొత్తం వరుసను కాగితం మీద రాయండి. ఆ తర్వాతే ఫోన్‌లో సరిచూసుకోండి. రోజుకు ఐదు చాలు. ఫోన్‌లో ముప్పై పజిల్స్ గబగబా నొక్కడం కంటే ఈ ఐదే ఎక్కువ పని చేస్తాయి. లీచెస్ అనే ఆన్‌లైన్ సైట్‌లో ఆడేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి పావు వెళ్ళగల గడులను చూపే చుక్కలు, ఆఖరి ఎత్తుకు పడే రంగు, ముందుగానే ఎత్తు వేసిపెట్టే ప్రీమూవ్, ఈ మూడూ తీసేయండి.

ఆన్‌లైన్‌లో ఏ టైముతో ఆడితే బల్ల ఆటకు పనికొస్తుంది?

మన చుట్టుపక్కల ఒకటి రెండు రోజుల్లో ముగిసే పోటీలు ఎక్కువగా ర్యాపిడ్. అందుకని 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అన్న టైముతో ఆడండి. నలభై ఎత్తుల ఆటకు మొత్తం 21 నిమిషాల 40 సెకన్లు వస్తాయి, అంటే ఎత్తుకు సగటున అరనిమిషం. క్లాసికల్‌లో 90 నిమిషాలు, 30 సెకన్లు అయితే అదే ఆటకు 110 నిమిషాలు, ఎత్తుకు 2 నిమిషాల 45 సెకన్లు. మూడు నిమిషాల ఆటలకు అలవాటైన పిల్లలు గంటన్నర ఇచ్చినా ఇరవై నిమిషాల్లో ఆట ముగించేస్తారు. అది ధైర్యం కాదు, ఆలోచించే ఓపిక ఇంకా రాలేదు. టోర్నమెంటుకు వారం ముందు నుంచి బుల్లెట్ (బ్లిట్జ్ కంటే వేగమైన ఆట), బ్లిట్జ్ పూర్తిగా మానేయండి.

టైము అయిపోతే ఓడినట్టేనా?

ఎదుటివారి దగ్గర మేట్ చేసే (రాజును తప్పించుకోలేకుండా పట్టే) అవకాశం ఏ విధంగానూ లేకపోతే డ్రా, ఉంటే ఓటమి. “ఏ విధంగానూ” అన్న మాటను బల్ల మీద అక్షరాలా తీసుకుంటారు. మీ దగ్గర రాజు, బంటు ఉన్నాయి, ఎదుట రాజు, గుర్రం ఉన్నాయి, మీ టైము అయిపోయింది. చెస్.కామ్‌లో ఇది డ్రా. అంతర్జాతీయ నియమాల్లో మీ బంటే మీ రాజుకు అడ్డం నిలిచి మేట్ అయ్యే స్థితిని ఊహించగలిగితే చాలు, మీరు ఓడినట్టే. చాలామందికి నమ్మబుద్ధి కాదు కానీ నియమం అదే.

డ్రా అడగడం, స్థితి మళ్ళీ మళ్ళీ రావడం?

డ్రా అడగాలంటే ముందు ఎత్తు వేయాలి, “డ్రా” అని అడగాలి, ఆ తర్వాత గడియారం నొక్కాలి. ఎదుటివారి టైము నడుస్తుండగా పదేపదే అడగడం వేధించడం కిందికి వస్తుంది.

ఒకే స్థితి మూడోసారి వస్తే చెస్.కామ్‌లో ఆట దానంతటదే ఆగుతుంది. బల్ల మీద ఆగదు, మీరే కోరాలి. మీ ఎత్తుతో మూడోసారి రాబోతుంటే ఆ ఎత్తు వేయకండి. ఇక్కడ మాత్రం ఎత్తును ముందే కాగితం మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌కు చెప్పండి. ముందే వేసేసి నొక్కితే అప్పటికి ఆ అవకాశం పోతుంది. మీ లెక్క తప్పని తేలితే ఎదుటివారికి 2 నిమిషాలు కలుపుతారు, మీరు రాసిన ఎత్తే ఆడాలి. అయిదోసారి వస్తే మాత్రం ఎవరూ కోరకపోయినా డ్రా.

ఆన్‌లైన్ రేటింగ్‌ను ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్‌గా మార్చుకోవచ్చా?

లేదు. రెండూ వేర్వేరు లెక్కలు, వేర్వేరు గుంపులు. లీచెస్ అందరినీ 1500 దగ్గర మొదలుపెడుతుంది. ఫిడే రేటింగ్ రావాలంటే రేటెడ్ పోటీల్లో, రేటింగ్ ఉన్నవాళ్ళతో కనీసం 5 ఆటలు ఆడాలి. 2024 మార్చి నుంచి అతి తక్కువ రేటింగ్ 1400. అప్పుడే 2000 కంటే తక్కువ ఉన్నవాళ్ళకు, 2000కు ఎంత తక్కువైతే అందులో నూటికి 40 చొప్పున ఒక్కసారికి కలిపారు. అంటే 1500 ఉన్నవారు 1700 అయ్యారు. పాత పట్టికలు చూసి పోల్చుకుంటే అందుకే లెక్క కుదరదు.

సిగ్నల్ పోతే ఆట పోతోంది. కొండల్లో ఉన్నాం, ఏం చేయాలి?

2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో భారత జట్టుకే ఇది జరిగింది. రష్యాతో ఆడుతుండగా కనెక్షన్ తెగి నిహాల్ సరిన్, దివ్య దేశ్‌ముఖ్ టైము కోల్పోయారు. చివరికి రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. మామూలు ఆటలో అలాంటి మన్నింపు ఉండదు, గడియారం నడుస్తూనే ఉంటుంది. ఇంక్రిమెంట్ ఉన్న ఆటలే ఎంచుకోండి. వర్షం ఉరుముతున్నప్పుడు రేటెడ్ ఆట పెట్టుకోకండి. అలాంటి సాయంత్రాలు బల్ల తీయడానికే మంచివి. బల్ల పోటీలో హాల్లో కరెంటు పోతే పావులు, గడియారం ముట్టుకోకుండా ఆర్బిటర్ చెప్పేదాకా కూర్చోండి.

హాల్లో ఫోన్ ఉంచుకోవచ్చా? పిల్లతో మాట్లాడవచ్చా?

ఆడేవారి దగ్గర ఫోన్ ఉన్నట్టు తేలితే ఆట పోతుంది, అది మోగనక్కర్లేదు. కొన్ని పోటీల్లో స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టనిస్తారు, కానీ ముందే అడిగి తెలుసుకోండి. ఫోన్ తల్లిదండ్రుల దగ్గర వదిలి వెళ్ళడమే అన్నిటికంటే క్షేమం. స్మార్ట్ వాచీ కూడా అంతే.

ఆట మధ్యలో పిల్లకు ఏమీ చెప్పకండి. ముఖ్యంగా తెలుగు రాని ఆర్బిటర్ ఉన్న హాల్లో, “నీళ్ళు తాగావా అమ్మా?” అన్నా ఎత్తు చెప్పారేమోనన్న అనుమానం వస్తుంది. నీళ్ళ సీసా ముందే చేతికివ్వండి. పిల్లకు ఏదైనా సమస్య వస్తే గడియారం ఆపి చేయి ఎత్తడం నేర్పండి. “ఆర్బిటర్” అన్న ఒక్క మాట ఏ భాషవారికైనా అర్థమవుతుంది.

ఇంట్లో ఆన్‌లైన్ ఆడుతుంటే అన్న వెనకనుంచి “గుర్రం చూడు” అనడం కూడా ఇతరుల సాయమే. రేటెడ్ ఆటల్లో అలా చెప్పకండి.

ఒడిశాలో ఉంటున్నాం, శ్రీకాకుళం దగ్గర. ఏ రాష్ట్రం తరఫున ఆడాలి?

ఓపెన్ పోటీలు ఎక్కడైనా ఆడవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, భువనేశ్వర్, ఏదైనా ఫర్వాలేదు. జిల్లా, రాష్ట్ర ఎంపిక పోటీలకు మాత్రం నివాసం ఉన్న రాష్ట్రం ద్వారా వెళ్ళాలి, అంటే మీకు ఒడిశా. అఖిల భారత చదరంగ సమాఖ్యలో నమోదు చేసేటప్పుడే రాష్ట్రం సరిగ్గా పెట్టండి. పుట్టినరోజు పత్రంలోనూ ఆధార్‌లోనూ పేరు అక్షరాలు ఒకేలా ఉండేలా చూడండి. తెలుగు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడటం ఇక్కడ మామూలు, వయసు విభాగాల్లో అదే చిక్కు తెస్తుంది.

మొదటి టోర్నమెంటుకు ఏం తీసుకెళ్ళాలి?

రెండు పెన్నులు, నీళ్ళు, అరటిపళ్ళు లేదా పల్లీచిక్కీ, పలుచని స్వెటర్. మధ్యాహ్నం కడుపు నిండా భోజనం పెడితే మూడు గంటల ఆటలో పిల్ల నిద్రపోతుంది, రెండు ఇడ్లీలు చాలు. బయట సాధనకు ఒక వినైల్ బల్ల. చుట్టి తెచ్చినప్పుడు అంచులు లేస్తాయి, ముందురోజు రాత్రి తిరగేసి చుట్టి ఉంచితే చదునుగా పరుచుకుంటుంది.

జతలు, బల్ల నంబర్లు చాలా పోటీల్లో చెస్-రిజల్ట్స్ సైట్‌లో పెడతారు. స్విస్ పద్ధతిలో గెలిచినవాళ్ళకు గెలిచినవాళ్ళే పడతారు, ఓడినంత మాత్రాన పోటీ నుంచి బయటికి పోరు. ఇది పిల్లకు ముందే చెప్పండి, మొదటి ఆట ఓడి ఏడవకుండా ఉంటుంది. ఎంత ఆలస్యమైతే ఆట పోతుందో అడిగి తెలుసుకోండి. ప్రకటించకపోతే నియమం ప్రకారం సున్నా నిమిషాలు, అంటే ఆట మొదలయ్యేసరికి కుర్చీలో ఉండాలి. నౌపడా వైపు రైలు, ఘాట్ రోడ్డు బస్సు నమ్ముకుని అదే ఉదయం బయలుదేరకండి, ముందురోజే చేరుకోండి.

ఆట అయ్యాక ఫలితం కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. పెట్టేముందు ఎవరి పేరు పక్కన 1 ఉందో చదవమనండి.